సగటు జిల్లా నూర్‌ఖేడా

దేశానికి ఒక సగటు జిల్లా ఉండి తీరాలని జాతీయ సగటు మండలి తీర్మానించింది. కారణం సబబైనదే. వాన ఎంత కురిసింది, ఎండ ఎంత కాసింది, మనిషి ఎన్నాళ్ళు బతుకుతున్నాడు, గేదె ఎన్ని పాలిస్తోంది అని ప్రతిసారీ దేశమంతా తిరిగి అడిగి, కూడి, భాగించడం మండలికి శ్రమగా ఉంది. అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు కదా అన్నారు డైరెక్టర్ జనరల్ హరివంశ్ మాథుర్ గారు. ఆ మెతుకు కోసం వెతగ్గా వెతగ్గా, పంజాబీ మాట్లాడే పల్లెసీమలో నూర్‌ఖేడా అనే జిల్లా దొరికింది.

ఆ జిల్లాకి ఉత్తరాన ఇసుక దిబ్బలున్నాయి. దక్షిణాన వాననీళ్ళు నిలిచిపోయే పల్లం ఉంది. దిబ్బల ఎత్తులోంచి పల్లం లోతు తీసేస్తే నేల చదునుగా ఉన్నట్టు లెక్క తేలింది. మే నెలలో అక్కడ నలభై ఆరు డిగ్రీల ఎండ. జనవరిలో రెండు డిగ్రీల చలి. కూడి సగం చేస్తే ఇరవై నాలుగు. అంటే ఏడాది పొడవునా వసంతమే. జిల్లా నడుమ చో అనే వాగు ఉంది. సంవత్సరంలో చాలా భాగం దాని గర్భంలో ఇసుకా, ముళ్ళతుమ్మలూ, మేకలూ ఉంటాయి. శ్రావణంలో పైన కొండల్లో వాన పడితే మాత్రం ట్రాక్టర్లని దొర్లించుకుపోయే నీరొస్తుంది. ఏడాది మొత్తానికి సర్దితే జానెడు లోతు. ఇక జనాభా అంటారా, వరి నాట్లకి బీహారు నుంచి కూలీలు వచ్చినప్పుడు పొలాల్లో కాలు పెట్టే చోటుండదు. వాళ్ళు వెళ్ళిపోయాక పిలిస్తే పలికేవాడుండడు. సరాసరి చూస్తే కిక్కిరిసీ లేదు, ఖాళీగానూ లేదు.

"ఇంతటి మధ్యస్థమైన జిల్లా మరొకటి లేదు. ఇకమీదట దీన్ని ఇలాగే ఉంచాలి" అని మాథుర్ గారు ఆదేశించారు. ఉంచడానికి సగటు పరిరక్షణాధికారి అని ఒక ఉద్యోగం పుట్టింది. దానికి కోనసీమకి చెందిన తాడంకి సోమలింగాన్ని వేశారు.

సోమలింగం గణాంకశాఖలో తల వంచుకుని పనిచేసే మనిషి. సభకి వెళితే మధ్య వరసలో మధ్య కుర్చీ చూసుకుని కూర్చుంటాడు. పొగడ్తా తిట్టూ రెండూ తన నెత్తిమీంచి పోవాలనే కోరిక తప్ప వేరే ఆశల్లేవు. భార్య సీతారత్నం అలా కాదు. ఆవిడకి ప్రతిదాని మీదా ఒక అభిప్రాయం ఉంటుంది.

ఇద్దరూ జనవరిలో నూర్‌ఖేడాలో దిగారు. పొగమంచులో స్టేషను కనబడలేదు. ఆఫీసు కూడా కనబడలేదు గానీ, వాగు ఒడ్డున ఉంటుందని చెప్పారు కాబట్టి జీపువాడు వాగులో పడేదాకా పోనిచ్చి, పడ్డాక వెనక్కి తిప్పి, ఇదేనండి అన్నాడు. వెనకాలే రెండు గదుల క్వార్టరు. సీతారత్నం తెచ్చుకున్న దుప్పట్లన్నీ కప్పుకుని, "ఏవండీ, ఇరవై నాలుగు డిగ్రీలన్నారు కదా. మిగతావి ఎక్కడికెళ్ళాయి?" అంది.

"అది సగటే" అన్నాడు సోమలింగం పళ్ళు టకటకలాడుతుంటే. "మేలో కనబడతాయి."

మర్నాడు ఆఫీసుకి ఒక హీటరు, బడి పిల్లలకి రగ్గులు కావాలని మండలికి రాశాడు. జవాబు వచ్చింది.

"సదరు జిల్లా వార్షిక సగటు ఉష్ణోగ్రత ఆహ్లాదకరమైనదిగా నిర్ధారింపబడియున్నందున హీటరు గాని, రగ్గులు గాని మంజూరు చేయుటకు వీలుపడదు. వేసవిలో మిగులు వేడిమిని శీతకాలమునకు సర్దుబాటు చేసుకొనవలసినదిగా కోరడమైనది."

సోమలింగం ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి జాగ్రత్తగా ఫైలులో పెట్టాడు. తప్పు పట్టడానికి అందులో లెక్క తప్పేమీ లేదు.

ఆ వారంలోనే వాగు అవతలి ఒడ్డునున్న చక్‌బేరీ గ్రామం నుంచి సర్పంచి అజాయబ్ సింగ్ వచ్చాడు. ఆజానుబాహువు, నెరిసిన గడ్డం, పసుపుపచ్చ తలపాగా. ఒక చేత్తో పాలక్యాను, ఇంకో చేత్తో దూది దట్టించిన మందపాటి రజాయి తెచ్చాడు. రజాయి సీతారత్నానికిచ్చి, కుర్చీలో కూర్చున్నాడు.

"సాబ్, వాగు మీద వంతెన కావాలి. మా ఊరు అటు, ఆస్పత్రి ఇటు. వానాకాలంలో మా వాళ్ళు జబ్బు పడకుండా ఓర్చుకుంటున్నారు. కానీ ఆడవాళ్ళ పురుళ్ళు ఓర్చుకుంటే ఆగేవి కావు. పోయిన ఏడాది మా పక్కింటి కోడలు ట్రాక్టరు ట్రాలీలోనే కంది. వాగు తగ్గుతుందేమో అని చూస్తూ చూస్తూ కంది. మా కోడలికి ఈ శ్రావణంలో నెలలు నిండుతాయి."

సోమలింగం ముఖం చిన్నబోయింది. "కానీ సర్పంచి గారూ, వాగు సగటు లోతు జానెడని నమోదై ఉంది. జానెడు నీటికి వంతెన అడిగితే పైవాళ్ళు నవ్వుతారు."

అజాయబ్ సింగ్ గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. "జానెడే సాబ్, కాదనను. కానీ అది ఎప్పుడూ సగటున రాదు. వచ్చినప్పుడు వస్తుంది."

సోమలింగం వంతెన కోసం రాశాడు. మండలి నవ్వలేదు. అంతకన్నా గంభీరంగా, జానెడు లోతున్న జలప్రవాహమును పాదరక్షలు చేతబట్టి దాటుట భారతీయ సంప్రదాయమని తెలియజేసింది.

* * *

ఫిబ్రవరిలో మండలి నుంచి తనిఖీ బృందం వచ్చి జిల్లాని కొలిచి వెళ్ళింది. తర్వాత వచ్చిన ఉత్తరం మీద 'అత్యవసరం' అని ఎర్ర ముద్ర ఉంది.

"చక్‌బేరీ గ్రామ నివాసి బీబీ నిహాల్ కౌర్ అను వృద్ధురాలి నిరంతర జీవనము వలన జిల్లా సగటు ఆయుర్దాయము అనుమతించిన హద్దును అతిక్రమించుచున్నది. వెంటనే తగు చర్య గైకొని తెలియజేయగలరు."

నిహాల్ కౌర్ సర్పంచి నాయనమ్మ. నూరేళ్ళు దాటి ఎన్నాళ్ళయిందో ఆవిడకే పట్టింపు లేదు. తగు చర్య అంటే ఏమిటో సోమలింగానికి అర్థం కాలేదు. అర్థమైనంత వరకూ భయం వేసింది. వివరణ కోరాడు. మండలి అహింసాసిద్ధాంతమునకు కట్టుబడియున్నదనీ, ఆమెను పొరుగు జిల్లాకు డెప్యుటేషను మీద పంపితే చాలుననీ జవాబొచ్చింది.

సోమలింగం భార్యని వెంటబెట్టుకుని చక్‌బేరీ వెళ్ళాడు. అప్పటికే సీతారత్నం పంజాబీ పట్టేసింది. వ్యాకరణం లేకపోయినా ధాటీ ఉంది. సోమలింగానికి వ్యాకరణం వచ్చింది గానీ నోరు తెరవడానికి జంకు.

బీబీ నిహాల్ కౌర్ వాకిట్లో ఎండలో నులకమంచం మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. పక్కనే పీట మీద అజాయబ్ సింగ్ కోడలు రూపిందర్ ఆవాల ఆకు తరుగుతోంది. కడుపు ఇంకా పెద్దగా కనబడడం లేదు.

"కూర్చో పుత్తర్" అంది బీబీ. అంటే నాయనా అని. "ముందు లస్సీ తాగు. కాగితం ఎక్కడికీ పోదు."

సోమలింగం గ్లాసు ఖాళీ చేశాడు. ఆవిడ మళ్ళీ నింపించింది. అదీ ఖాళీ చేశాక ఉత్తరం తీశాడు.

"ఏమంటున్నారు మీ సర్కారు వాళ్ళు?"

"మీరు... కొంచెం ఎక్కువ కాలం బతికారంటున్నారు, బీబీ జీ."

"ఆ సంగతి నాకూ తెలుసు. అదొక కాగితం మీద రాసి పంపాలా?"

"వేరే జిల్లాకి వెళ్ళి ఉంటే బాగుంటుందని..."

బఠాణీకాయ ఆవిడ వేళ్ళ మధ్య ఆగిపోయింది. రూపిందర్ కత్తి పక్కన పెట్టింది. సోమలింగం నేల చూపులు చూశాడు.

"ఒకసారి మారాను పుత్తర్" అంది బీబీ. "దేశం రెండు ముక్కలైనప్పుడు. పొయ్యి మీద పప్పు పొయ్యి మీదే ఉంది. ఇల్లు వదిలి జిల్లా మారాను. అప్పుడు కాళ్ళున్నాయి కాబట్టి నడిచాను. ఇప్పుడవి లేవు. ఈసారి మీ జిల్లానే మారమను."

తిరిగి వస్తుంటే సీతారత్నం మొగుడికి పదడుగులు ముందు నడిచింది. ఇంటికొచ్చాక అంది, "మా బామ్మ దగ్గరికి ఎవరైనా ఇలాంటి కాగితం పట్టుకొస్తే ఏం చేసుండేదో తెలుసా మీకు? చెంబెడు నీళ్ళు నెత్తిన పోసి పంపేది. ఈవిడ లస్సీ పోసింది."

సోమలింగం ఆ రోజంతా బాధపడి, చివరికి తనకి చేతనైన పని చేశాడు. బీబీ అన్న మాటల్ని ఒక్క అక్షరం మార్చకుండా మండలికి రాశాడు. అది చదివితే వాళ్ళకి సిగ్గేస్తుందని అతని ఉద్దేశం.

మండలికి సిగ్గు వెయ్యలేదు. సంతోషం వేసింది.

"వృద్ధురాలు చేసిన సూచన మిక్కిలి ఆచరణయోగ్యముగా నున్నది. ఆమెను జిల్లా నుండి తరలించుటకు బదులు, జిల్లాను ఆమె నుండి తరలించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది."

సర్వేయర్లు గొలుసులతో వచ్చారు. బీబీ ఇంటి చుట్టూ హద్దురాళ్ళు పాతారు. ఆ ఇల్లు, వాకిలి, గేదెల కొట్టం, నులకమంచం సమస్తం పొరుగు జిల్లాలో చేరిపోయాయి. బీబీ మాత్రం మంచం మీంచి దిగలేదు. సర్వేయర్లకి కూడా లస్సీ పోయించింది.

* * *

పొరుగు జిల్లాకి సగటు గొడవలు లేవు. అక్కడి అధికారులు, కొత్తగా కలిసిన ప్రాంతం వెనకబడి ఉంటుందన్న నమ్మకంతో, బీబీ ఇంటికి రగ్గులు పంపారు. వాకిట్లో సోలారు దీపం పెట్టారు. మేలో ఎండలు ముదిరితే ఒక పెద్ద కూలరు కూడా ఇస్తామన్నారు.

ఆ కబురు ఊళ్ళో పాకింది. మర్నాటి నుంచి సోమలింగం ఆఫీసు ముందు జనం బారులు తీరారు. అందరిదీ ఒకటే మొర. మేం సగటు వాళ్ళం కాము, మమ్మల్ని తీసెయ్యండి.

ఒక రైతు తన గోధుమ దిగుబడి చెప్పాడు. పోయిన ఏడాదిదాకా రాళ్ళవాన కొట్టేసింది, గింజ దక్కలేదు అన్న మనిషే, ఈసారి బస్తాలు పెట్టడానికి చోటు చాలక బంధువుల ఇంట్లో పడుకుంటున్నానన్నాడు. తీసేశారు. ఇంకొకాయన తన గేదెని ఆఫీసు మెట్లదాకా తోలుకొచ్చి, పాలు పితికి చూపించాడు. గేదెనీ, ఆయన్నీ కలిపి తీసేశారు. ఊరి పహిల్వాను ఆఫీసు త్రాసు ఎక్కగానే త్రాసు విరిగింది. అదే రుజువుగా స్వీకరించారు. అతని తమ్ముడు బక్కపలచగా ఉంటాడు. ఇద్దరినీ కలిపి తూస్తే సగటు సరిపోతుంది కదా అని సోమలింగం సందేహించాడు గానీ, మేం వేరుపడి చాలా కాలమైంది సాబ్, పొయ్యిలు కూడా వేరు అని ఇద్దరూ ప్రమాణం చేశారు.

బడి పంతులు వచ్చి తన పిల్లలంతా మొద్దులని ఫిర్యాదు చేశాడు. వెనకాలే పక్క ఊరి పంతులు వచ్చి తన పిల్లలంతా సరస్వతీపుత్రులని ఫిర్యాదు చేశాడు. మేకల కాపరి మేకలు కవలల్ని ఈనుతున్నాయన్నాడు. ఆస్పత్రి పెద్ద డాక్టరు తమ దగ్గర మంచాలు తక్కువ, రోగులు ఎక్కువ, అందుచేత రెండు వైపులా తమకి అర్హత ఉందన్నారు.

సోమలింగం ప్రతి ఒక్కరి సంగతీ నిజాయితీగా పరిశీలించాడు. నిజంగా సగటు మనిషి ఒక్కడైనా దొరక్కపోతాడా అని ఆశగా చూశాడు. ఒకాయన దాదాపు సరిపోయాడు. ఎత్తు, బరువు, వయసు, పొలం, పిల్లలు అన్నీ మధ్యస్థమే. సోమలింగం ఆనందంగా లేచి నిలబడి చేయి చాపాడు. ఆయన ఎడమ చేయి చాపాడు. పుట్టు ఎడమచేతివాటం.

మండలి మాత్రం మహా ఉత్సాహంగా ఉంది. హద్దు దాటిన వాళ్ళు పోయేకొద్దీ మిగిలింది మరింత శుద్ధమవుతోంది. "కల్తీ తొలగుచున్నది" అని మాథుర్ గారు స్వహస్తాలతో రాశారు. నూర్‌ఖేడా పటం పురుగు కొట్టిన ఆకులా తయారైంది. మే నెల దాటేసరికి చక్‌బేరీ ఊరు మొత్తం, ఇవతలి పట్నం, ఆస్పత్రి, దిబ్బలు, పల్లం అన్నీ పొరుగు జిల్లాలో కలిసిపోయాయి. సగటు జిల్లాలో మిగిలింది రెండే. వాగూ, వాగు ఇవతలి ఒడ్డున సోమలింగం ఆఫీసు ఆవరణా.

* * *

పొరుగు జిల్లావాళ్ళు వంతెన మొదలెట్టారు. అటు ఊరు వాళ్ళదే, ఇటు పట్నం వాళ్ళదే. దూలాలు దింపారు, సిమెంటు పోశారు. వాగు సగటు జిల్లాదే అయినా జానెడు నీరుగా నమోదైంది గనక, అందులో నిలిపిన స్తంభాలు నేల మీద కట్టడం కిందికి రాలేదు. అవతలి ఒడ్డు నుంచి వంతెన ఇవతలికి సాగి సాగి, గట్టు ఇంకా కొంత దూరంలో ఉందనగా ఆగిపోయింది. చివర దిగవలసిన చోటు సోమలింగం ఆఫీసు ఆవరణ. అది సగటు జిల్లా. అక్కడి నేల మీద మండలి అనుమతి లేకుండా గుంజ పాతడానికి లేదు. సోమలింగం అనుమతి కోసం మూడు ఉత్తరాలు రాశాడు. జానెడు నీరు, పాదరక్షలు, భారతీయ సంప్రదాయం అన్న ముక్కలే తిరిగి తిరిగి వచ్చాయి.

వంతెన కొసన ఇనప కమ్మీలు గాలిలోకి పొడుచుకుని ఉన్నాయి. జూన్ వెళ్ళిపోతోంది. రోజూ సాయంత్రం అజాయబ్ సింగ్ వంతెన కొస దాకా నడిచివచ్చి, అక్కడ నిలబడి, అటునుంచే కేకేసి క్షేమసమాచారాలు అడిగేవాడు. ఒకరోజు అడగలేదు. ఊరికే నిలబడి పైన కొండల వైపు చూసి వెళ్ళిపోయాడు.

సీతారత్నం ఆ సాయంత్రం వంట చెయ్యలేదు.

"రూపిందర్‌కి నెలలు నిండొస్తున్నాయి" అంది. "ఆ సగం వంతెన మీద నిలబడి మిగతా సగం కోసం ఎదురు చూస్తుందా పిల్ల?"

"నా చేతుల్లో ఏముంది చెప్పు? ఆఫీసు ఆవరణ కూడా హద్దు దాటిందని తేలితే తప్ప దాన్ని తీసెయ్యడానికి లేదు. ఆఫీసు ఏ రకంగా హద్దు దాటుతుంది? అన్ని ఆఫీసుల్లాంటిదే కదా మనదీ. మామూలు అర్జీకి జవాబివ్వడానికి మూడు నెలలు పడుతుంది. అది సరిగ్గా సగటు."

సీతారత్నం చీర కొంగు నడుముకి దోపుకుంది. "అయితే ఏ రోజుదారోజే జవాబియ్యండి."

సోమలింగం తెల్లబోయాడు. అలాంటి ఆలోచన ఇంత సర్వీసులో అతనికి రాలేదు.

"అలా చేస్తే వివరణ అడుగుతారు. ఉద్యోగానికే మోసం."

"మీరు ఇన్నాళ్ళూ మధ్య కుర్చీలో కూర్చున్నారు, నేనేమన్నా అన్నానా? ఈ ఒక్కసారికి లేవండి."

సోమలింగం తెల్లారగానే ఆఫీసు తెరిచాడు. వచ్చిన ఉత్తరం వచ్చినట్టు విప్పి, చదివి, జవాబు రాసి, సాయంత్రం టపాలో పడేశాడు. పాత అర్జీలు బయటికి తీశాడు. ఒక ముసలాయన తన చిన్నతనంలో పెట్టుకున్న బావి అర్జీ కూడా పరిష్కరించాడు. ఆ ముసలాయన ఆ కాగితం పట్టుకుని ఆఫీసు మెట్ల మీద చాలాసేపు కూర్చుని, లోపలికి వచ్చి, "సాబ్, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగి వెళ్ళాడు. ఫోను మోగితే సోమలింగం ఎత్తేవాడు. ఎత్తడమే కాక అవతలివాళ్ళు చెప్పేది పూర్తిగా వినేవాడు. మొదటి రెండు రోజులూ ప్రతి జవాబునీ టపాలో వేసేముందు మళ్ళీ మళ్ళీ చదువుకున్నాడు. మూడో రోజు నుంచి, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నా, అతనికి ఆ పని నచ్చింది. ఇంటికొచ్చి ఎవరి పని ఏమైందో భార్యకి చెబుతూ అన్నం తినేవాడు.

మండలిలో గగ్గోలు పుట్టింది. తాము పంపిన ప్రతి తాఖీదుకీ వారంలో జవాబు రావడం మండలి చరిత్రలో లేదు. ఎవరో ఆకతాయి సృష్టించిన దొంగ ఉత్తరమని ముందు అనుకున్నారు. అసలుదేనని తేలాక ఆదేశం వెలువడింది.

"సదరు కార్యాలయము అసాధారణ వేగముతో పనిచేయుచూ జిల్లా సగటునకు భంగము కలిగించుచున్నందున కార్యాలయమును, ఆవరణతో సహా, జిల్లా నుండి తొలగించడమైనది. జిల్లాను శుద్ధి చేసినందుకు అధికారికి పదోన్నతియు, అతిగా పనిచేసినందుకు సస్పెన్షనును ఏకకాలమున విధించడమైనది. రెంటి సగటున అతడు యథాస్థానమున కొనసాగును."

సీతారత్నం ఆ ఉత్తరం మొగుడి చేత రెండుసార్లు చదివించుకుని, "జీతం?" అంది.

"యథాతథం."

"అయితే లేచినా ఏం పోలేదన్నమాట" అని వంటింట్లోకి వెళ్ళింది.

మిగిలిన వంతెన ముక్కని పొరుగు జిల్లావాళ్ళు పగలనకా రేయనకా పోశారు. అది ఆరేదాకా అజాయబ్ సింగ్ తన పొలానికి కూడా వెళ్ళకుండా తడిగోనెలు కప్పుతూ దాని పక్కనే కూర్చున్నాడు.

* * *

శ్రావణంలో సగటు దినోత్సవం వచ్చింది. దాన్ని జిల్లా హద్దుల్లోనే జరపాలని నియమం. జిల్లా అంటే ఇప్పుడు వాగు ఇసుక మాత్రమే. మాథుర్ గారు రాజధాని నుంచి దిగి, ఇసుకలో కుర్చీ వేయించుకుని, ముందు జెండా పాతించారు. వాగులో వేరే ఎవరూ లేరు. ఉదయపు ఎండ చక్కగా ఉంది. పైన కొండల మీద మాత్రం ఆకాశం కాటుక పూసినట్టు నల్లగా ఉంది.

సోమలింగం గట్టు మీద నిలబడి చేతులు నలుపుకున్నాడు. "సార్, పైన వాన పడుతోంది. గట్టెక్కితే మంచిది."

"మిస్టర్ సోమలింగం, మీరు చెప్పేది ఈ పూట సంగతి. మండలి పరిగణనలోకి తీసుకునేది సంవత్సరం సంగతి" అన్నారు మాథుర్ గారు. ఉపన్యాసం తీసి, ఖాళీ ఇసుకని ఉద్దేశించి చదవడం మొదలెట్టారు. "మహాశయులారా, వ్యత్యాసమే సకల దుఃఖాలకూ మూలము. నేడు ఈ జిల్లాలో ఎక్కువవాడు లేడు, తక్కువవాడు లేడు. ఫిర్యాదు లేదు, అర్జీ లేదు..."

నీళ్ళు మొదట ఆయన బూట్లని తడిపాయి. జానెడే అన్నట్టు ఆయన సోమలింగం వైపు చూసి చిరునవ్వు నవ్వారు. రెండో పేజీ దగ్గర మోకాళ్ళు మునిగాయి. మూడో పేజీ తిప్పేలోగా ఎర్రటి నీరు గోడలా వచ్చి కుర్చీనీ, జెండానీ, ఉపన్యాసాన్నీ ఎత్తుకుపోయింది. మాథుర్ గారు వంతెన స్తంభాన్ని కావిలించుకున్నారు.

సరిగ్గా అప్పుడే వంతెన మీద అజాయబ్ సింగ్ ట్రాక్టరు వస్తోంది. వెనక ట్రాలీలో పరుపుల మీద రూపిందర్, ఒక పక్క సీతారత్నం, ఇంకో పక్క మంచంతో సహా ఎక్కించిన బీబీ నిహాల్ కౌర్. నొప్పులు తెల్లవారుజామున మొదలయ్యాయి. సీతారత్నం ముందురోజు నుంచి అక్కడే ఉంది.

సోమలింగం వంతెన మీదికి పరిగెత్తుకొచ్చి, మాథుర్ గారు కొట్టుకుపోతున్నారని కేకలేస్తూ చేతులూపాడు. అజాయబ్ సింగ్ బండి ఆపి కిందికి చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి కోడలి వైపు చూశాడు.

రూపిందర్ పళ్ళ బిగువున అంది, "ముందు ఆయన్ని లాగండి బాపూ జీ. నాకింకా కాస్త వ్యవధి ఉంది. ఆయనకి లేదు."

ట్రాక్టరు మోకు కిందికి జారవిడిచారు. అజాయబ్ సింగ్, సోమలింగం కలిసి లాగితే డైరెక్టర్ జనరల్ గారు బురద ముద్దలా పైకొచ్చారు. ఆరబెట్టడానికి సమయం లేదు. ఆయన్నీ ట్రాలీలోనే పడేశారు. బీబీ తన శాలువా తీసి ఆయనకి కప్పి, "కూర్చో పుత్తర్" అంది.

ఆస్పత్రికి చేరిన కాసేపటికే రూపిందర్ ఆడపిల్లని కన్నది. తల్లీ పిల్లా క్షేమం. పిల్ల ఏడుపు వసారా చివరిదాకా వినబడింది. అజాయబ్ సింగ్ గోడవైపు తిరిగి తలపాగా కొసతో కళ్ళు తుడుచుకున్నాడు. సోమలింగం కూడా గోడవైపే తిరిగాడు.

నర్సు పిల్లని గుడ్డలో చుట్టి తెచ్చి, వసారాలోని త్రాసు మీద పెట్టి తూచింది. సంతోషంగా చెప్పింది. "సరిగ్గా సగటు బరువు. ఏ బెంగా లేదు."

బెంచీ మీద శాలువాలో ముడుచుకుని ఉన్న మాథుర్ గారు ఆ మాటతో లేచి నిలబడ్డారు. కళ్ళల్లోకి వెలుగొచ్చింది.

"సరిగ్గా సగటా? మరి పొడవూ?"

"పొడవూ అంతేనండి" అంది నర్సు.

"మిస్టర్ సోమలింగం, ఇన్నాళ్ళ మన అన్వేషణ ఫలించింది. పరిశుద్ధమైన సగటు పౌరురాలు. జిల్లాకి జనాభా దొరికింది. ఈ శిశువును నూర్‌ఖేడాలో నమోదు చేయండి. ఇక ఆమెను అక్కడే..."

నూర్‌ఖేడా అంటే ఇప్పుడు అటు వంతెన కింద సుళ్ళు తిరుగుతున్న నీరు. అజాయబ్ సింగ్ ఒక అడుగు ముందుకేశాడు. సోమలింగం ఆయనకన్నా ముందు వెళ్ళి త్రాసుకీ మాథుర్ గారికీ మధ్య నిలబడ్డాడు.

"మళ్ళీ తూయి" అంది, త్రాసు పక్కనే దించిన తన మంచం మీంచి బీబీ.

నర్సు అర్థం కానట్టు చూసింది.

నిహాల్ కౌర్ నడుముకి వేలాడుతున్న తాళాల గుత్తి విప్పింది. ధాన్యం గాదెలవి, రజాయిల పెట్టెలవి, పెద్ద వాకిలిది. అరచేయి పొడుగు ఇనపతాళాలు. దాన్ని మునిమనవడి కూతురి గుడ్డ మడతలో, ఆ చిట్టి పిడికిలి పక్కన, జాగ్రత్తగా ఉంచింది.

"ఇది మా ఇంటి యజమానురాలు. తాళాలతో సహా తూయి."

నర్సు తూచింది. త్రాసు ముల్లు ఒక్కసారి కదిలి, సగటు గీత దాటి, అంత దూరం పోయి నిలబడింది.

"హద్దు దాటిందండీ" అన్నాడు సోమలింగం.